రేకుముక్క చరిత్ర

వేలి ఉంగరం వదులైతే మనం ఏం చేస్తాం? కంసాలి దగ్గరికి వెళ్ళే తీరిక దొరికేదాకా వెనకవైపు నాలుగు చుట్లు దారం చుట్టి పెట్టుకుంటాం. తిరగలి పిడి ఊగుతుంటే గుడ్డపేలిక చుట్టి గుంటలోకి దిగగొడతాం. గొడ్డలి కామ వదులైతే చెక్కముక్క చీలలా దింపుతాం. బల్లకాలు ఒకటి పొట్టిదై టకటకలాడుతుంటే పాత పత్రిక అట్ట మడిచి కింద పెడతాం. ఆ పత్రిక ఇదే అయినా ఆశ్చర్యం లేదు!

ఇవన్నీ చేసేటప్పుడు ఇదొక విద్య అని మనకు తోచదు. కానీ ఇంజనీర్లు దీనికి పేరు పెట్టి, కొలతలు రాసి, పెట్టెల్లో సర్ది అమ్ముతున్నారు. ఆ పేరు షిమ్. ఇంగ్లండులో కెంట్ అనే ప్రాంతం ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి రైతులు నేల గీకే పనిముట్టుకు తగిలించే ఇనపముక్కను ఆ పేరుతో పిలిచేవారు. 1860 ప్రాంతానికి ఆ మాట పొలం వదిలి ఫ్యాక్టరీలో చేరింది. రెండు భాగాల మధ్య ఉండిపోయిన సందును పూడ్చే పలచటి ముక్కకు పేరైంది. మన మెకానిక్కులు దాన్ని ప్యాకింగు అంటారు. సైకిలు షాపులో అయితే అంతమాట కూడా అక్కర్లేదు, "రేకు పెట్టు" అంటే చాలు.

ఆ రేకు ఎక్కడ పెడతారంటారా? సైకిలు సీటు కింద. సీటును మోసే రాడ్డు ఫ్రేము గొట్టంలోకి దిగి ఉంటుంది చూశారా, ఆ రాడ్డుకీ గొట్టానికీ మధ్య. కంటికి ఆనని ఆ సందులో నూటయాభై ఏళ్ళ చరిత్ర ఇరుక్కుని ఉందంటే మీరు నమ్మరు. నమ్మించడానికే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ అమరిక ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఫ్రేము గొట్టం పైకొసన, వెనకవైపు నిలువుగా ఒక చీలిక ఉంటుంది. ఆ చీలికకు అటూ ఇటూ రెండు చెవులు. చెవుల్లోంచి ఒక బోల్టు దూరి ఉంటుంది. బోల్టు బిగిస్తే చెవులు దగ్గరికొస్తాయి, గొట్టం మూతి ముడుచుకుంటుంది, రాడ్డును చుట్టూ పట్టుకుంటుంది. అచ్చం సంచీ మూతి తాడు లాగి బిగించినట్టే. రాడ్డు గొట్టానికి సరిపడినదైతే ఆ పట్టు గట్టిది. రాడ్డు కాస్త సన్నమైతే మాత్రం చెవులు రెండూ ఒకదాన్నొకటి తాకేదాకా బిగించినా లోపల పట్టు చిక్కదు. చుట్టూ పట్టాల్సింది ఏ రెండు మూడు చోట్లో మాత్రమే ఆని ఊరుకుంటుంది. తొక్కుతుంటే సీటు కిర్రుమంటుంది. పక్కకు తిరుగుతుంది. అంగుళం అంగుళం కిందికి దిగుతుంది. ఇంకా బిగిద్దామని బలవంతం చేస్తే చెవి వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. చెవి విరిగిందంటే వెల్డింగు షాపు దారి పట్టవలసిందే.

అసలు సైకిలుకు ఈ రాడ్డు ఎందుకొచ్చింది? మొదట్లో లేదు మరి.

1870ల్లో ఇంగ్లండులో తిరిగిన సైకిళ్ళను బొమ్మల్లో చూసే ఉంటారు. ముందు చక్రం మనిషెత్తు, వెనక చక్రం పళ్ళెమంత. పెడళ్ళు ఆ పెద్ద చక్రం ఇరుసుకే ఉండేవి. సీటు చక్రం నెత్తిన. చక్రం ఎంత పెద్దదైతే అంత వేగం. కానీ కాలు పెడలుకు అందాలి కదా! అందుకని కొనేవాడి కాలు పొడవు చూసి చక్రం అమ్మేవారు. ఒకరికి యాభై అంగుళాల చక్రం, ఇంకొకరికి యాభైనాలుగు, మరీ పొడగరికి అరవై. దర్జీ దగ్గర కొలతలిచ్చి రవిక కుట్టించుకున్నట్టు, ఎవరి సైకిలు వారిదే. అన్న సైకిలు తమ్ముడికి పనికిరాదు. పొడుగు లంగాలు కట్టుకునే ఆడవాళ్ళ సంగతి అడగనే అక్కర్లేదు. ఎక్కాలంటే నిచ్చెన, పడితే తల పగలడం.

దర్జీ మాట ఊరికే అనలేదు. ఇంగ్లండులో సైకిళ్ళకు పుట్టిల్లు కోవెంట్రీ అనే ఊరు. అక్కడ మొదట సైకిళ్ళు చేసిన ఫ్యాక్టరీ అంతకుముందు కుట్టు మిషన్లు చేసేది. కోవెంట్రీ సూయింగ్ మెషీన్ కంపెనీ అన్న పేరు 1869లో మార్చుకుని సైకిళ్ళలోకి దిగింది. అక్కడ ఫోర్‌మన్‌గా పనిచేసిన జేమ్స్ స్టార్లీయే ఆ పెద్దచక్రం సైకిళ్ళకు రూపుదిద్దినవాళ్ళలో ముఖ్యుడు. ఆయన కుట్టు మిషన్ల పనిలో చెయ్యి తిరిగినవాడు. అమెరికాలోనూ ఇదే కథ. 1878లో ఆల్బర్ట్ పోప్ అనే వ్యాపారి కొలంబియా సైకిళ్ళను చేయించింది హార్ట్‌ఫర్డ్ నగరంలోని ఒక కుట్టు మిషన్ల ఫ్యాక్టరీలోనే. అంటే మనింట్లో మూలన కూర్చున్న మిషనుకూ, వాకిట్లో నిలబడ్డ సైకిలుకూ దగ్గర చుట్టరికం ఉందన్నమాట.

1885లో ఆ జేమ్స్ స్టార్లీ అన్నదమ్ముల బిడ్డ జాన్ కెంప్ స్టార్లీ, అదే కోవెంట్రీలో, రోవర్ అనే సైకిలు తెచ్చాడు. రెండు చక్రాలూ దాదాపు సమానం. పెడళ్ళు మధ్యలో. చైను వెనక చక్రాన్ని తిప్పుతుంది. ఇవాళ మన వీధిలో తిరిగే సైకిలుకు తాత అదే. వేగానికి ఇక చక్రం పెద్దది కానక్కర్లేదు, చైను పళ్ళచక్రాలు ఆ పని చూసుకుంటాయి. అయితే కాళ్ళు మాత్రం అందరివీ ఒకే పొడవు కావు. ఆ తేడా ఎక్కడ సర్దాలి? సీటును ఒక రాడ్డు మీద పెట్టి, అవసరాన్నిబట్టి పైకి లాగడానికీ కిందికి దించడానికీ వీలు కల్పించారు.

ఇది చిన్న సంగతి కాదు సుమండీ. ఈ రాడ్డు వచ్చాక సైకిలు ఒకరి సొత్తు కాకుండా ఇంటి సొత్తు అయింది. పొద్దున నాన్న ఆఫీసుకు, మధ్యాహ్నం అన్నయ్య కిరాణా కొట్టుకు, సాయంత్రం చెల్లెలు ప్రైవేటుకు. ఒకే సైకిలు, ముగ్గురి కాళ్ళు. బోల్టు వదులు చేసి, సీటు దించి, మళ్ళీ బిగించడం. ఆ సౌకర్యంలోనే చిక్కు కూడా ఉంది. రోజుకు రెండుసార్లు వదులు చేసి బిగిస్తే, ఏ ఇనుమైనా కొన్నాళ్ళకు అరుగుతుంది.

ఆ సైకిలు వచ్చిన పదేళ్ళలోపే ఆడవాళ్ళు దాన్ని అందుకున్నారు. 1888లో డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకోవడంతో ఎముకలు కదిలే బాధ తప్పింది. లంగా తగలకుండా అడ్డబారు కిందికి దించిన లేడీస్ సైకిళ్ళు వచ్చాయి. అమెరికాలో మద్యనిషేధ ఉద్యమం నడిపిన ఫ్రాన్సిస్ విలార్డ్ యాభైమూడో ఏట సైకిలు నేర్చుకుంది. తన సైకిలుకు గ్లాడిస్ అని ముద్దుపేరు పెట్టుకుని, నేర్చుకున్న వైనమంతా 1895లో ఒక పుస్తకంగా రాసింది. యాభైమూడేళ్ళకు! మన అత్తగారి వయసు అనుకోండి.

ఇంకొకావిడ ఉంది, యానీ లండన్‌డెరీ. ముగ్గురు పిల్లల తల్లి. 1894 జూన్‌లో బోస్టన్ నుంచి సైకిలు మీద ప్రపంచం చుట్టి వస్తానని బయల్దేరింది. నలభైరెండు పౌన్ల బరువున్న లేడీస్ సైకిలుతో షికాగో దాకా వెళ్ళేసరికి ప్రాణం విసిగింది. అక్కడ దాన్ని వదిలేసి, సగం బరువున్న మగవాళ్ళ సైకిలెక్కి మిగతా యాత్ర సాగించింది. ఆడవాళ్ళ కోసమని ప్రత్యేకంగా చేసిన వస్తువు కంటే, మగవాళ్ళకని చేసినదాన్ని మనకు సరిపెట్టుకోవడమే ఒక్కోసారి మేలని ఆవిడకు తెలిసింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇక అసలు ప్రశ్న. సీటు ఎత్తు సర్దడానికి రాడ్డు పెట్టారు సరే, ఆ రాడ్డూ గొట్టమూ అన్ని సైకిళ్ళకూ ఒకే కొలతలో చేసుకుంటే గొడవే లేదు కదా? సందు ఎందుకొచ్చింది?

ఇక్కడే ఉంది తమాషా. ఇంగ్లీషు పద్ధతిలో చేసిన సైకిళ్ళలో సీటును పట్టే గొట్టం బయటి మందం చాలాకాలం ఒకటే. అంగుళం, దానిపైన అంగుళంలో ఎనిమిదో వంతు. అంటే 28.6 మిల్లీమీటర్లు. కానీ రాడ్డు దిగేది గొట్టం లోపలికి కదా! లోపలి ఖాళీ గొట్టం గోడ దళసరిని బట్టి ఉంటుంది. చవక సైకిలుకు దళసరి గొట్టం వాడతారు, ఖరీదైన దానికి పలచటి మేలిరకం ఉక్కు. బయటినుంచి చూస్తే రెండూ కవలపిల్లలే. లోపల మాత్రం ఒకటి ఇరుకు, ఒకటి విశాలం.

ఈ పలచటి గొట్టాలకు పేరుపడ్డవి బర్మింగ్‌హామ్‌లోని రెనాల్డ్స్ వారివి. ఆ కుటుంబం మొదట మేకులు చేసి అమ్మేది. 1897లో ఆల్‌ఫ్రెడ్ రెనాల్డ్స్ ఒక ఉపాయం కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. గొట్టం అతుకు పడే కొసల దగ్గర దళసరిగా, నడుమ పలచగా లాగడం. బలం అవసరమైన చోట బలం, అక్కర్లేని చోట తేలిక. 1935లో వాళ్ళే 531 అనే మేలిరకం ఉక్కు తెచ్చారు. ఆ ఉక్కుతో చేసిన మంచి సైకిళ్ళలో సీటు రాడ్డు 27.2 మిల్లీమీటర్లు పట్టేది. దళసరి గొట్టపు సైకిళ్ళలో 25.4 మాత్రమే. ఈ రెంటి నడుమ 25.8, 26, 26.2, 26.4, 26.6, 26.8, 27 - ఇలా మిల్లీమీటరులో ఐదో వంతు తేడాతో ఒక్కో రకం ఫ్రేముకు ఒక్కో రాడ్డు. గాజుల కొట్టులో కూడా ఇన్ని సైజులుండవు!

పైగా దేశానికో కొలబద్ద. ఫ్రాన్సు వాళ్ళు 1790ల్లోనే విప్లవంతోబాటు మీటరును పుట్టించుకున్నారు. వాళ్ళ సైకిలు గొట్టం సరిగ్గా 28 మిల్లీమీటర్లు. ఇంగ్లీషువాళ్ళు అంగుళాన్ని వదలలేదు. 25.4 అనే వింత అంకె ఎక్కడిదనుకున్నారు? అది అచ్చంగా ఒక అంగుళం. 1959లో ఇంగ్లీషు మాట్లాడే దేశాలు కొన్ని కూడబలుక్కుని అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లని ఖాయం చేశాయి. అంటే సీటు రాడ్డు మీద మిల్లీమీటర్ల వేషం వేసుకుని కూర్చున్నది పాత అంగుళమే. ఫ్రెంచి ఫ్రేములో ఇంగ్లీషు రాడ్డు, ఖరీదైన ఫ్రేములో చవకరకం రాడ్డు పెట్టారా, సందు పడ్డట్టే.

ఇలా కొలతలు మారినప్పుడు సందు పడటం మనకు మాత్రం కొత్తా? 1957 ఏప్రిల్ 1న మన దేశంలో నయాపైసలు వచ్చాయి. పదహారణాల రూపాయి నూరు పైసల రూపాయి అయింది. అణాకు ఎన్ని పైసలు? లెక్కప్రకారం ఆరుంబావు. పావు పైసా ఎక్కడుంది? అందుకని అణాకు ఆరు పైసలన్నారు. పదహారు అణాలకు ఆరేసి చొప్పున ఇస్తే తొంభయ్యారే వచ్చాయి. మిగతా నాలుగు పైసలు ఆ సందులో పడి మాయం! అణాకు కొత్తిమీర కట్టా, అణాకు మల్లెపూలూ కొనేవాళ్ళకు తెలుసు ఆ సందు ఎంతో. 1958 అక్టోబరు నుంచి శేర్లూ వీశెలూ పోయి కిలోలొచ్చాయి. గజాలు పోయి మీటర్లొచ్చాయి. చట్టం ఢిల్లీలో మారింది, సర్దుకోవడం మాత్రం వంటింట్లోనూ గుడ్డల కొట్టులోనూ జరిగింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన దేశంలో సైకిళ్ళ పరిశ్రమ ఊపందుకుంది. అంతకుముందు బాగా వాడుకలో ఉన్నవి రాలీ, బి.ఎస్.ఏ., హెర్క్యులిస్ లాంటి ఇంగ్లండు సైకిళ్ళు. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనేపట్‌లో అట్లాస్, 1950ల్లోనే అసన్‌సోల్‌లో సేన్-రాలీ, 1956లో లూధియానాలో హీరో వచ్చాయి. హీరో స్థాపించిన ముంజాల్ సోదరులు ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న కమాలియా నుంచి వచ్చినవారు. వాళ్ళు మొదలుపెట్టింది సైకిలు విడిభాగాల వ్యాపారంతో. 1986 నాటికి ఆ కంపెనీ ప్రపంచంలోకెల్లా ఎక్కువ సైకిళ్ళు చేసేదని గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. లూధియానా సందుల్లో ఒక చిన్న షాపు నట్లు చేస్తే ఇంకొకటి పెడళ్ళు, మరొకటి సీటు రాడ్లు. ఆ భాగాలు రైలెక్కి దేశమంతా చేరేవి.

దానితో ఏమైందంటే, మన వీధిలోని సైకిలు అన్ని తరాల సైకిలయింది. ఫ్రేము తాతగారి నాటి ఇంగ్లీషుది. చక్రాలు మద్రాసువి. సీటు లూధియానాది. పోయిన రాడ్డుకు బదులు షాపువాడు పాత ఇనపసామాను గుట్టలోంచి వెతికి పెట్టినది ఏ సైకిలుదో దేవుడికెరుక. అమ్మిన కంపెనీ వాళ్ళు కొలత ప్రకారమే చేశారు. కానీ ఏ రెండు కంపెనీల భాగాలు ఏ ఊళ్ళో ఏ రిపేరులో కలుసుకుంటాయో వాళ్ళకేం తెలుసు? కలుసుకున్న చోట సందు పడింది. ఆ సందు పూడ్చే పని చెట్టుకింద గోనెపట్టా పరుచుకుని కూర్చున్న మెకానిక్కు నెత్తిన పడింది.

పూడ్చడానికి అతను వెతుక్కున్నది డబ్బారేకు. డబ్బాకూ చరిత్ర ఉంది. ఆహారం నిలవ చెయ్యడానికి రేకు డబ్బాల వాడకంపై 1810లో లండన్‌లో పీటర్ డ్యూరాండ్ పేటెంటు తీసుకున్నాడు. మనం ఇత్తడి గిన్నెకు కళాయి పోయించుకున్నట్టే, పలచటి ఇనపరేకుకు తగరం పూత వేస్తారు. అదే డబ్బారేకు. మన ఇళ్ళల్లోకి అది కిరసనాయిలు డబ్బాగా వచ్చింది. తర్వాత డాల్డా డబ్బా, పిల్లల పాలపొడి డబ్బా. ఖాళీ డబ్బాను మనం పారేసిన పాపాన పోలేదు. నీళ్ళు మోశాం, బియ్యం పోశాం, తులసి మొక్క వేశాం. తుప్పుపట్టి అడుగూడిన డబ్బాను మాత్రమే పాతసామాన్లవాడికి వేశాం. అక్కడినుంచి కత్తిరింపు ముక్కలు సైకిలు షాపు చేరాయి.

ఇప్పుడు డబ్బా మారింది. 1990ల తర్వాత మన దగ్గర కూల్‌డ్రింకుల అల్యూమినియం క్యాన్లు వచ్చాయి. ఆ క్యాను గోడ దళసరి మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. ఇందులో లెక్క గమనించారా? రేకు రాడ్డు చుట్టూ ఒక చుట్టు చుడితే అటుపక్క పదో వంతు, ఇటుపక్క పదో వంతు, మొత్తం ఐదో వంతు. రాడ్ల సైజుల్లో మెట్టుకూ మెట్టుకూ ఉన్న తేడా కూడా సరిగ్గా మిల్లీమీటరులో ఐదో వంతే! పానీయం చేసిన కంపెనీకి సైకిలు గురించి తెలియదు, రాడ్డు చేసినవాడికి పానీయం గురించి తెలియదు. ఇద్దరినీ కలిపింది మన మెకానిక్కు.

మొన్న వేసవిలో మా పక్కింటి ఏడోతరగతి పిల్ల సైకిలు సీటు దిగిపోతోందంటే తోడు వెళ్ళాను. షాపాయన అరవై దాటిన మనిషి. రాడ్డు లాగి చూసి, "ఇది ఈ సైకిలుది కాదమ్మా. ఎవరో మార్చేశారు. కొంచెం సన్నం," అన్నాడు.

"కొత్తది దొరకదా బాబాయ్?" అన్నాను.

"దొరుకుద్దమ్మా. ఈ కొలతదే కావాలంటే నాలుగు షాపులు తిరగాలి. ఇంతోటి సందుకి రేకు చాలు."

ఖాళీ క్యాను ఒకటి తీసి, పైనా కిందా కొసేసి, మధ్యది విప్పి చదును చేశాడు. నాలుగు వేళ్ళ వెడల్పున పట్టీ కత్తిరించాడు. రాడ్డు చుట్టూ తిప్పి చూసి, అంచులు ఒకదానిమీదొకటి ఎక్కకుండా మిగులు కత్తిరించేశాడు. ఎందుకని అడిగితే, అంచు మీద అంచు ఎక్కితే అక్కడ రెండింతల దళసరి అవుతుంది, మిగతా చుట్టూ పట్టు వదులుతుందన్నాడు. పైఅంచును రవంత బయటికి మడిచాడు. లేకపోతే రేకు గొట్టంలోకి జారిపోతుందట. గ్రీజు పలచగా రాశాడు. ఇనుమూ అల్యూమినియమూ తడితగిలి ఏళ్ళ తరబడి కలిసి ఉంటే ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, తర్వాత రాడ్డు బయటికి రాదు. ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో మరీను. రేకు కలిసే చోటు వెనక చీలిక దగ్గరకు వచ్చేట్టు చూసి, మెల్లగా తిప్పుతూ దించి, పానతో బోల్టు బిగించాడు. పావుగంట పట్టలేదు.

"తాతా, మళ్ళీ దిగిపోదుగా?" అంది పిల్ల.

"నువ్వు ఎదిగొచ్చి పైకి లేపమనేదాకా దిగదు లేవే," అన్నాడాయన.

మేమక్కడ ఉండగానే ఒక కుర్రాడు సైకిలు తెచ్చాడు. అతని సీటు అటూ ఇటూ ఊగిపోతోంది. ఆయన రాడ్డు కదిపి చూసి, తీసి పక్కన పెట్టాడు.

"దీనికి రేకు పెట్టను నాయనా. రాడ్డు మార్చాల్సిందే."

"ఏదో ఒకటి పెట్టెయ్యి బాబాయ్, తొందర పనుంది."

"నాలుగు పొరలు వెయ్యాలి. నాలుగు పొరలు వేస్తే ఒకదాని మీదొకటి జారతాయి. గుంటలో చక్రం పడితే చెవి ఇరిగి సీటుతో సహా రోడ్డు మీద పడతావు. రేపు రా, రాడ్డు తెప్పిస్తా."

కుర్రాడు గొణుక్కుంటూ పోయాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఒక మెట్టూ రెండు మెట్లూ తేడా అయితే రేకు సరిపోతుంది. 27.2 పట్టే గొట్టంలో 25.4 రాడ్డు పెడితే సందు దాదాపు రెండు మిల్లీమీటర్లు. దానికి సరైన రాడ్డయినా వెయ్యాలి, లోహంతో సరిగ్గా కొలిచి చేసిన తొడుగు గొట్టమైనా వెయ్యాలి. రేకుతో దాన్ని నింపడం సందు పూడ్చడం కాదు, కప్పిపుచ్చడం. కాగితం, రబ్బరు ట్యూబు ముక్క లాంటివి ఇంకా అన్యాయం. అవి నలిగిపోతాయి, పట్టు ఇవ్వవు. ఇంకొకటి కూడా ఉంది. ఇప్పుడొచ్చే రాడ్ల మీద అడ్డంగా ఒక గీత ఉంటుంది. ఆ గీత బయటికి కనబడేంతగా రాడ్డును పైకి లాగకూడదు. లోపల ఉండాల్సినంత పొడవు ఉంటేనే అది మనిషి బరువు మోస్తుంది. ఎదిగే పిల్లలున్న ఇళ్ళల్లో తల్లులు ఈ గీత చూసుకోవాలి.

ఇదంతా మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకని అనకండి. 1991లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం సాగింది. అక్కడి కలెక్టరు షీలారాణి చుంకత్ అనే ఆవిడ చదువుతోబాటు సైకిలును కూడా ఆ ఉద్యమంలో భాగం చేశారు. వేలాదిమంది పల్లెటూరి స్త్రీలు, కూలిపని చేసుకునేవాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు, నర్సులు, టీచర్లు సైకిలు నేర్చుకున్నారు. వాళ్ళలో చాలామంది లేడీస్ సైకిలు కంటే అడ్డబారున్న మగవాళ్ళ సైకిలే మేలన్నారు. ఎందుకంటే ఆ బారు మీద పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకోవచ్చు. నూరేళ్ళ కిందట షికాగోలో యానీ తెలుసుకున్నదే వాళ్ళూ వేరే దారిలో తెలుసుకున్నారు. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిళ్ళు కొనిచ్చే పథకం పెట్టింది. దానివల్ల దూరపు ఊళ్ళ పిల్లలు హైస్కూళ్ళలో బాగా చేరారని తర్వాత చేసిన పరిశోధనలు తేల్చాయి. మైళ్ళ కొద్దీ దారిలో స్కూలుకు పోయే పిల్లకు సీటు గట్టిగా ఉండటమంటే ఏమిటో వేరే చెప్పాలా? అది దిగిపోతే ఆ పిల్ల మోకాళ్ళు నొస్తాయి. ఊడిపోతే చదువు మానిపించడానికి ఇంట్లోవాళ్ళకు ఒక కారణం దొరుకుతుంది.

చరిత్ర పుస్తకాలు స్టార్లీని తలుచుకుంటాయి, రెనాల్డ్స్‌ను తలుచుకుంటాయి, తలుచుకోవాలి కూడా. కొలతలు వేసినవాళ్ళు గొప్పవాళ్ళే. కానీ వాళ్ళు వేసిన కొలతలు రెండు కలవని చోట నిలబడి, ఉన్నదాంతో సైకిలును రోడ్డు మీదకు పంపినవాళ్ళ పేరు ఏ పేజీలోనూ లేదు. ఆ పని మనకు బాగా తెలుసు. చాలని జీతానికీ నెలాఖరుకూ మధ్య, పుట్టింటి పద్ధతికీ అత్తింటి పద్ధతికీ మధ్య పడ్డ సందుల్లో మనం ఏనాటినుంచో రేకులు పెడుతూనే ఉన్నాం. సర్దుకుపోవడం ఆడదాని గుణమని మెచ్చుకుంటారు కూడా.

మెచ్చుకోనివ్వండి. అయితే సైకిలు షాపాయన చెప్పిన రెండో మాట కూడా గుర్తుపెట్టుకుందాం. సందు చిన్నదైనప్పుడు శ్రద్ధగా కత్తిరించి పెట్టిన రేకు ఏళ్ళ తరబడి నిలుస్తుంది, అందులో చిన్నతనం ఏమీ లేదు. సందు పెద్దదైనప్పుడు మాత్రం "ఏదో ఒకటి పెట్టెయ్యి" అన్నవాళ్ళకు ఒప్పుకోకూడదు. "దీనికి రేకు పెట్టను, రాడ్డు మార్చాల్సిందే" అనాలి. ఏది ఎక్కడ చాలుతుందో ఆయన వేళ్ళతో కదిపి చూసి చెప్పాడు.